పిల్లల కేన్సర్: రిపోర్టులో ‘టార్గెట్ ఉంది’ అని వస్తుంది, మందు దాకా చేరేది కొందరే. మధ్యలో ఎక్కడ జారిపోతోంది?

పట్టిక:

అందరికీ నమస్కారం. పిల్లల కేన్సర్ల ట్యూమర్ బోర్డు (కేసులను కలిసి చర్చించే డాక్టర్ల బృందం) కోసం మాలిక్యులర్ పరీక్షల, అంటే కణితి జన్యువులను చదివే పరీక్షల పద్ధతి ఒకటి కాగితం మీద పెడుతున్నాం. బయాప్సీ ముక్క చేతికొచ్చినప్పటి నుంచి బోర్డు ముందు రిపోర్టు పడేదాకా ఎవరు ఏం చెయ్యాలో అందులో ఉండాలి. తిరగబెట్టిన కణితులు, మొదట్నుంచే హై రిస్క్ అని తేలినవి, ప్రస్తుతానికి ఈ రెండింటికే.

ఆస్ట్రేలియాలోని జీరో కార్యక్రమం 2020లో 247 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. 71.4 శాతం మందిలో ఏదో ఒక మందుకు దారి చూపే జన్యు మార్పు, అంటే టార్గెట్, దొరికింది. ఫ్రాన్స్ ముందుండి నడిపిన మాపియాక్ట్స్ అనే ఇలాంటి పరిశోధనలో అది 69 శాతం. కానీ అదే మాపియాక్ట్స్‌లో ఏడాదికి మించి గమనించిన 356 మందిలో తగిన మందు అందింది 107 మందికి, అంటే 30 శాతం. మందు అందినవాళ్లలో కణితి చెప్పుకోదగ్గంత తగ్గింది 17 శాతంలోనే.

69కీ 17కీ మధ్య పిల్లలు ఎక్కడెక్కడ జారిపోతున్నారు? శాంపిల్ దగ్గరా, పరీక్ష ఎంచుకోవడంలోనా, రిపోర్టు చదవడంలోనా, మందు దగ్గరా? మేం ముందు ఏది బిగించాలి? పాత పారఫిన్ బ్లాకుతో (మైనంలో భద్రపరిచిన పాత ముక్కతో) సరిపెట్టవచ్చా, మళ్లీ బయాప్సీ చెయ్యాల్సిందేనా అన్నది కూడా చెప్పండి.

మైనపుదిమ్మ:

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి కాబట్టి. తిరగబెట్టిన కణితికి తిరగబెట్టినప్పటి ముక్కే కావాలి, ప్రమాదం లేకుండా తియ్యగలిగితే. న్యూరోబ్లాస్టోమా (పసి నాడీ కణాల నుంచి పుట్టే కణితి) మీద 2015లో వచ్చిన పరిశోధనలో తిరగబెట్టిన 23 నమూనాల్లో 18టిలో, కణం పెరగమని సంకేతం పంపే రాస్-మాప్‌కే దారికి చెందిన మ్యుటేషన్లు ఉన్నాయి. వాటిలో ఏడింటి జాడ మొదటి బయాప్సీలో లేదు, మిగతావి తిరగబెట్టేసరికి పెరిగి ఉన్నాయి. మొదటి బ్లాకు ఎంత బాగా చదివినా ఆ ఏడూ దొరకవు. ఒక మినహాయింపు ఉంది. కణితి పుట్టుకకే కారణమైన ఫ్యూజన్లు (రెండు జన్యువులు అతుక్కుని ఒకటైనవి), అంటే ఈటీవీ6-ఎన్‌టీఆర్‌కే3, ఈడబ్ల్యూఎస్‌ఆర్1-ఫ్లై1 లాంటివి, మొదట ఉంటే తర్వాతా ఉంటాయి. వాటిని వెతకడానికే అయితే పాత బ్లాకు చాలు.

ఇక ముక్క తీసిన తర్వాత. ముక్కను ఫార్మలిన్‌లో వేసి ల్యాబుకు పంపడం ఆపరేషన్ గదుల్లో చేతికి అలవాటైన పని. మీ పద్ధతిలో మొట్టమొదటి వాక్యం దాన్ని ఆపాలి. ముక్క పొడిగా ఆరిపోకుండా, ఫార్మలిన్ తగలకుండా, చల్లగా, నేరుగా పాథాలజిస్టు చేతికి రావాలి. డయాగ్నోసిస్‌కు ఎంత కావాలో ముందు ఆయన తీసుకుంటారు, మిగిలింది విభజిస్తారు. అరగంటలోపు ఒక భాగం లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి మైనస్ 80 డిగ్రీల్లోకి చేర్చాలి. డీఎన్‌ఏకు ఒక ముక్క, ఆర్‌ఎన్‌ఏకు ఒక ముక్క, చెరో 25-30 మిల్లీగ్రాములుంటే హాయి. డబ్బా లేబుల్ మీద రెండు టైములు రాయించండి: ఒంట్లోంచి తీసిన టైము, గడ్డకట్టించిన టైము. ఆర్‌ఎన్‌ఏ పాడైందని రెండు వారాల తర్వాత తెలిసినప్పుడు, కారణం ఆ రెండు అంకెల మధ్యే దొరుకుతుంది.

అందరూ వదిలేసే మెట్టు ఒకటుంది. గడ్డకట్టించిన ముక్క అంచు నుంచే ఒక సెక్షన్ కోసి, హెచ్ అండ్ ఈ రంగు వేసి, మైక్రోస్కోపు కింద చూడాలి. పక్క ముక్కలో కణితి ఉందంటే ఇందులోనూ ఉంటుందనుకోవద్దు. కీమో తర్వాత తీసిన ముక్కల్లో చచ్చిన కణజాలం, మచ్చ కణజాలం, లింఫోసైట్లే నిండి ఉండొచ్చు. కణితి కణాల పాలు 30 శాతం దాటితే నిశ్చింత. 20కి తక్కువుంటే పరీక్షకు పంపేముందే ఆ సంగతి రాయాలి. లేకపోతే ‘మార్పులేవీ లేవు’ అని వచ్చిన రిపోర్టును నమ్మేస్తారు. అది కణితిని చదివిన రిపోర్టు కాదు, పక్కనున్న మామూలు కణాలను చదివింది.

ఫార్మలిన్ తప్పనప్పుడు 10 శాతం న్యూట్రల్ బఫర్డే వాడండి, ముక్కకు పదింతలు పోసి. ముక్కను 4-5 మి.మీ. మందం పలకలుగా కొయ్యాలి. కనీసం 6 గంటలు, 72 గంటలు మించకుండా. ఎక్కువసేపు నానితే సైటోసిన్ దెబ్బతిని థైమిన్‌లా చదవబడుతుంది, రిపోర్టులో లేని మ్యుటేషన్లు పుట్టుకొస్తాయి.

ఎముక కణితుల విషయంలో గట్టిగా చెప్తున్నాను. ఆస్టియోసార్కోమా, ఈవింగ్ ముక్కలను మెత్తబరచడానికి ఆసిడ్ వాడితే డీఎన్‌ఏ ముక్కచెక్కలైపోతుంది, ఆర్‌ఎన్‌ఏ అసలే మిగలదు. ఈడీటీఏతో చెయ్యండి. రోజులు పడుతుంది, అయినా సరే. ఇంకా మంచి దారి ఏమిటంటే, గట్టి ఎముక లేని మెత్తటి భాగాన్ని ముందే విడదీసి, దాన్ని డీకాల్సిఫై చెయ్యకుండా (కాల్షియం తీసెయ్యకుండా) వేరే బ్లాకు కట్టడం. బ్లాకు మీద ‘డీకాల్ కాలేదు’ అని రాసి ఉంటే, ఏడాది తర్వాత వెతికేవాళ్లకు కూడా అది దొరుకుతుంది.

రీడ్‌లెక్క:

మైనపుదిమ్మ గారు చెప్పింది దాటి వస్తేనే నా భాగం మొదలవుతుంది. సీక్వెన్సింగ్ యంత్రం ఎంత గొప్పదైనా, వచ్చిన శాంపిల్ కంటే గొప్ప జవాబు ఇవ్వలేదు.

పెద్దల కేన్సర్ ప్యానెల్‌ను (ఎంచుకున్న జన్యువులనే చదివే పరీక్షను) పిల్లలకు వాడటం రెండో పెద్ద లోటు. పెద్దల కణితుల్లో మ్యుటేషన్లు కుప్పలుగా ఉంటాయి. పిల్లల కణితుల్లో, 2018లో వచ్చిన పాన్-కేన్సర్ విశ్లేషణ ప్రకారం, సగటున 14 రెట్లు తక్కువ. ఇక్కడ కథ నడిపేవి ఫ్యూజన్లు, కాపీ సంఖ్య మార్పులు, క్రోమోజోము ముక్కలు తారుమారవడం, మిథైలేషన్ (డీఎన్‌ఏ మీద ఉండే రసాయన గుర్తులు). జన్యువుల ఎక్సాన్లను (ప్రొటీన్‌కు కోడ్ ఇచ్చే భాగాలను) మాత్రమే చదివే ప్యానెల్‌కు ఇవి సగం కనబడవు.

లో-గ్రేడ్ గ్లయోమాలో (నెమ్మదిగా పెరిగే మెదడు కణితిలో) కెఐఏఏ1549-బీరాఫ్ ఫ్యూజన్ తీసుకోండి. ఏడో క్రోమోజోములోని 7క్యూ34 అనే చోట సుమారు 20 లక్షల బేసుల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క పక్కనే ఇంకో కాపీగా అతుక్కోవడం వల్ల పుడుతుంది. అతుకు పడేది ఇంట్రాన్లలో, అంటే ఎక్సాన్ల మధ్య భాగాల్లో. ఎక్సాన్లనే చదివే ఎక్సోమ్ పరీక్ష అక్కడ చదవదు. ‘బీరాఫ్ వీ600ఈ (ఆ జన్యువులో ఒక అక్షరం మారే మ్యుటేషన్) లేదు’ అని రిపోర్టు నిజమే చెప్తుంది, కానీ బోర్డులో అందరూ ‘బీరాఫ్‌లో ఏం లేదు’ అని విని వెళ్లిపోతారు. ఎన్‌టీఆర్‌కే2, ఎన్‌టీఆర్‌కే3లలో ఇంట్రాన్లు మరీ పెద్దవి. డీఎన్‌ఏ ప్యానెల్ వాటిని పూర్తిగా కప్పలేదు. అందుకే ఫ్యూజన్లకు ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ తప్పనిసరి. పారఫిన్ నుంచి తీసిన ఆర్‌ఎన్‌ఏ అయితే డీవీ200 చూడండి. 200 బేసుల కంటే పొడవున్న ముక్కలు 30 శాతమైనా ఉంటేనే ముందుకెళ్లాలి. ఆర్‌ఎన్‌ఏకూ గుడ్డి చోట్లున్నాయి. సీఐసీ-డక్స్4ను ఫ్యూజన్ ప్రోగ్రాములు తరచూ వదిలేస్తాయి, డక్స్4 పదేపదే వచ్చే వరుసల్లో ఉంటుంది కాబట్టి. గుండ్రటి చిన్న కణాల సార్కోమాలో ఏ ఫ్యూజనూ దొరకలేదంటే, ఆ రీడ్లను (యంత్రం చదివిన చిన్న వరుసలను) కంటితో చూడకుండా రిపోర్టు మూసెయ్యకండి.

డెప్త్, అంటే ఒకే చోటును ఎన్నిసార్లు చదవాలన్నది, ఎంత కావాలో చిన్న లెక్కతో తేలుతుంది. కణితి కణాలు 20 శాతమే ఉన్న ముక్కలో ఒక కాపీలో ఉన్న మ్యుటేషన్ 10 శాతం రీడ్లలో కనబడుతుంది. 30 సార్లు చదివితే 3 రీడ్లు. యంత్రం తప్పో నిజమో చెప్పలేం. 90 సార్లు చదివితే 9, అప్పుడు మాట్లాడవచ్చు. కణితి జీనోమ్‌కు 90, అదే పిల్లవాడి రక్తానికి 30 అని ముందే రాసుకోండి. రక్తం లేకుండా కణితి ఒక్కటే చదివితే, పుట్టుకతో వచ్చిన మామూలు తేడాలన్నీ మ్యుటేషన్లలా వచ్చి కూర్చుంటాయి.

మెదడు కణితులకు మిథైలేషన్ అరే కలపండి. మిథైలేషన్‌ను బట్టి కణితి రకం చెప్పే హైడెల్‌బర్గ్ క్లాసిఫయర్ 2018లో వచ్చింది. స్కోరు 0.9 దాటితే ఆ వర్గం అని నమ్ముతాం. తాజా కేసుల మీద పెట్టి చూస్తే 12 శాతం దాకా డయాగ్నోసిసే మారింది. మందు దొరికిందా లేదా అన్న లెక్కలో ఈ లాభం కనబడదు. కానీ తప్పు జబ్బుకు రేడియేషన్ తప్పిందంటే, ఆ పిల్లకు అంతకంటే పెద్ద మేలు ఏముంది?

పట్టిక:

ఇద్దరికీ ధన్యవాదాలండీ. రెండు టైముల లేబులు, అంచు సెక్షన్ ఇవాళే చేర్చేశాను.

రిపోర్టు చదవడం గురించి రెండు సందేహాలు. ఒకటి, బీరాఫ్ ఫ్యూజన్ కూడా బీరాఫే కదా, వీ600ఈకి ఇచ్చే డబ్రాఫెనిబ్ దానికి ఎందుకు ఇవ్వకూడదు? రెండు, ఒక నమూనా రిపోర్టులో ఎన్‌టీఆర్‌కే1లో ఒక మిస్‌సెన్స్ మ్యుటేషన్ (ప్రొటీన్‌లో ఒక అమైనో ఆమ్లాన్ని మార్చేది) ఉంది, పక్కనే ‘సూచించదగిన మందు: లారోట్రెక్టినిబ్’ అని వేశారు. ఇది సరైనదేనా?

మోతాదు:

రెండోది సరైనది కాదు. ఇలాంటి వరుసలే 71 శాతం, 69 శాతం అంకెలను ఉబ్బిస్తాయి. లారోట్రెక్టినిబ్‌కు 2018 నవంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది ఎన్‌టీఆర్‌కే ఫ్యూజన్ ఉన్న ఘన కణితులకు. మొదటి 55 మందిలో 75 శాతం మందికి కణితి తగ్గింది. ఆ ఫలితం ఫ్యూజన్‌ది. ఎన్‌టీఆర్‌కేలో చిల్లర మిస్‌సెన్స్ మార్పుకు గానీ, ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉందన్న మాటకు గానీ ఆ ఫలితాన్ని అంటగట్టకూడదు. పాన్-టీఆర్‌కే రంగు పరీక్ష పాజిటివ్ వచ్చినా అంతే. నాడీ కణజాలంలో, కండరంలో టీఆర్‌కే ప్రొటీన్ మామూలుగానే ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏలో ఫ్యూజన్ కనబడి, కైనేజ్ భాగం (మందు ఆపే భాగం) చెక్కుచెదరకుండా, ఫ్రేము (ప్రొటీన్‌గా చదివే వరుస) తప్పకుండా ఉంటేనే టార్గెట్ అనండి.

మొదటిదానికి. వీ600ఈ మ్యుటేషన్ ఉన్న బీరాఫ్ ఒంటరిగా పనిచేస్తుంది, డబ్రాఫెనిబ్ దాన్ని ఆపుతుంది. ఫ్యూజన్ బీరాఫ్ జంటగా పనిచేస్తుంది. జంటలో ఒకదానికి డబ్రాఫెనిబ్ అతుక్కుంటే రెండోది ఇంకా చురుకవుతుంది, దారి మూసుకోవాల్సింది పోయి తెరుచుకుంటుంది. ఇది కాగితం మీది భయం కాదు. బీరాఫ్‌నే ఆపే ఇంకో మందు సోరాఫెనిబ్‌ను పిల్లల లో-గ్రేడ్ గ్లయోమాలో పరీక్షించినప్పుడు 11 మందిలో 9 మందికి కణితి త్వరగా పెరిగి మందు ఆపాల్సొచ్చింది. ఫ్యూజన్‌కు, అదే దారిలో బీరాఫ్‌కు కిందనున్న మెక్ ప్రొటీన్‌ను ఆపే మందులు, లేదా టోవోరాఫెనిబ్. టోవోరాఫెనిబ్‌కు 2024 ఏప్రిల్‌లో, ఆరు నెలలు దాటిన పిల్లల్లో తిరగబెట్టిన లేదా లొంగని లో-గ్రేడ్ గ్లయోమాకు అనుమతి వచ్చింది, వారానికి ఒక్కసారి ఇస్తారు. వీ600ఈకి డబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ (మెక్ మందు) కలిపి. కార్బోప్లాటిన్-విన్‌క్రిస్టిన్ కీమోతో పోల్చిన ట్రయల్‌లో కణితి తగ్గినవాళ్లు ఈ జంటతో 47 శాతం, కీమోతో 11 శాతం. మీ రిపోర్టు ఫారంలో ‘బీరాఫ్ పాజిటివ్’ అన్న మాటనే నిషేధించండి. మార్పు పూర్తి పేరు రాయాలి.

ఇంకా ఇలాంటివి. న్యూరోబ్లాస్టోమాలో ఏఎల్‌కే జన్యువులో ఆర్1275క్యూ మార్పు క్రిజోటినిబ్‌కు లొంగుతుంది, ఎఫ్1174ఎల్ మార్పు సరిగ్గా లొంగదు. లోర్లాటినిబ్ రెండింటి మీదా పనిచేస్తుంది. హై రిస్క్ న్యూరోబ్లాస్టోమా ట్రయల్‌ను కూడా మధ్యలో క్రిజోటినిబ్ నుంచి లోర్లాటినిబ్‌కు మార్చారు. ఎస్‌హెచ్‌హెచ్ రకం మెడ్యులోబ్లాస్టోమాలో (చిన్నమెదడు కణితిలో) విస్మోడెగిబ్ పనిచేసేది మార్పు పీటీసీహెచ్1లోనో ఎస్‌ఎంఓలోనో ఉన్నప్పుడు. ఎస్‌యూఎఫ్‌యూలో ఉంటే మందు ఆపే చోటుకు కిందే తలుపు తెరిచి ఉంటుంది, లాభం లేదు. పైగా ఎముకలు పెరిగే పిల్లల్లో ఎదుగుదల పలకలు ముందే మూసుకుపోతాయి. ఎదుగుదల ఇంకా మిగిలి ఉన్న పిల్లకు దాన్ని సూచించే రిపోర్టు ఆ మాట కూడా రాయాలి.

ఇప్పుడు మోతాదు. లారోట్రెక్టినిబ్ ఒంటి వైశాల్యం చదరపు మీటరుకు 100 మి.గ్రా., రోజుకు రెండుసార్లు, పూట మోతాదు 100 మి.గ్రా. దాటకుండా. ఎత్తు 90 సెం.మీ., బరువు 14 కిలోలు అనుకోండి. 90ని 14తో గుణిస్తే 1260, 3600తో భాగిస్తే 0.35, దాని వర్గమూలం 0.59. అంటే పూటకు 59 మి.గ్రా. ద్రావణం మి.లీ.కు 20 మి.గ్రా., కాబట్టి దాదాపు 3 మి.లీ. అదే పాపకు ఫంగస్ కోసం వోరికొనజోల్ నడుస్తుంటే, కాలేయంలో మందును కరిగించే సీవైపీ3ఏ4 ఎంజైము ఆగిపోయి మందు పేరుకుంటుంది. అప్పుడు సగం, ఒకటిన్నర మి.లీ. చాలు. మూర్ఛకు ఫెనిటాయిన్ వాడుతుంటే సరిగ్గా తిరగబడుతుంది, మందు త్వరగా కరిగిపోయి కణితికి ఏమీ అందదు. మెదడు కణితి ఉన్న పిల్లల్లో ఇది రోజూ ఎదురయ్యే విషయం. లెవెటిరాసిటామ్‌కు మార్చగలరేమో మందు మొదలుపెట్టకముందే న్యూరాలజిస్టును అడగండి. ఇది జరక్కుండా ‘టార్గెటెడ్ మందు పనిచెయ్యలేదు’ అని రాసేస్తే, ఆ తీర్పు మందు మీదికి వెళ్తుంది, తప్పు మాత్రం ప్రిస్క్రిప్షన్‌లో ఉంటుంది.

మెక్ మందులు మొదలుపెట్టే ముందు ఎకో (గుండె స్కాన్), కంటి పరీక్ష, సీపీకే (కండరాలు దెబ్బతిన్నాయేమో చూపే రక్తపరీక్ష) చేయించాలి. ట్రామెటినిబ్‌తో ఎకో మొదలుపెట్టిన నెల తర్వాత ఒకసారి, ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి. గోళ్ల అంచుల్లో వాపు చిన్న విషయమే అనుకుంటారు. పాప నడవలేక మందు మానేసేది దానివల్లే. డబ్రాఫెనిబ్ జ్వరం తెస్తుంది, ఖాళీ కడుపున ఇవ్వాలి. జీ6పీడీ ఎంజైము లోపం ఉన్న పిల్లల్లో రక్తకణాలు పగలకుండా కనిపెట్టుకోవాలి.

మీ అసలు ప్రశ్నకు నా జవాబు ఇది. 69కీ 17కీ మధ్య పోయినవన్నీ ‘జారిపోయిన పిల్లలు’ కారు. మొదట్లో ‘టార్గెట్’ అన్న మాటనే వదులుగా వాడారు. మాపియాక్ట్స్‌లోనే, రోజువారీ చికిత్సకు సిద్ధంగా ఉన్న స్థాయి మార్పులకు మందు ఇచ్చినచోట 38 శాతం మందికి కణితి తగ్గింది. జర్మనీ నుంచి నడిచే ఇలాంటి కార్యక్రమం ఇన్‌ఫామ్‌లో అత్యున్నత స్థాయి ఆధారమున్న టార్గెట్లు 8 శాతం పిల్లల్లోనే దొరికాయి. కానీ సరిపోయే మందు అందిన ఆ కొద్దిమందిలో జబ్బు ముదరకుండా గడిచిన కాలం 204.5 రోజులు, మిగతావాళ్లలో 117. కాబట్టి ముందు బిగించాల్సింది ఆధారం స్థాయి. ప్రతి సూచన పక్కన మూడు విషయాలు వేరుగా రాయించండి: ఇదే జబ్బులో పిల్లల మీద చూపిన ఫలితమా, ఇదే మార్పుకు వేరే జబ్బులో చూపినదా, ల్యాబు గిన్నెలో కణాల మీద చూపినదా. మూడోదాన్ని మందు పేరుతో రాయొద్దు, ‘ట్రయల్ ఉంటే చూడండి’ అని మాత్రమే రాయండి.

వంశవృక్షం:

రక్తం శాంపిల్ సంగతి రీడ్‌లెక్క గారు ఒక్క మాటలో దాటేశారు, దానికి కొంచెం చోటివ్వాలి. 2015లో 1120 మంది కేన్సర్ పిల్లలను చదివితే 8.5 శాతం మందిలో కేన్సర్‌కు దారితీసే పుట్టుకతో వచ్చిన మార్పు ఉంది. జీరో వాళ్ల హై రిస్క్ పిల్లల్లో అది 16.2 శాతం. కుటుంబ చరిత్ర అడిగి సరిపెట్టుకుందామంటే కుదరదు. 2015 పరిశోధనలో ఆ మార్పు ఉండి, కుటుంబ వివరాలు తెలిసిన పిల్లల్లో ఇంట్లో కేన్సర్ ఉన్నది సుమారు 40 శాతం మందికే.

రక్తం ఈడీటీఏ ట్యూబులో తీయండి, హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. లుకేమియా ఉన్న పిల్లవాడి రక్తం ‘మామూలు’ నమూనా కాదు, అందులో జబ్బు కణాలే ఉంటాయి. రెమిషన్ వచ్చాక తీయాలి, లేదా చిన్న చర్మం ముక్క నుంచి ఫైబ్రోబ్లాస్టులు పెంచాలి. వేరొకరి ఎముక మజ్జ మార్పిడి అయిన పిల్లల్లో ఇంకా జాగ్రత్త. ఆ రక్తంలో ఉన్నది దాత డీఎన్‌ఏ. బుగ్గ లోపలి నుంచి తీసిన శాంపిల్‌లో కూడా దాత తెల్లకణాలు కలుస్తాయి. చర్మం ఫైబ్రోబ్లాస్టులే దారి. శాంపిల్ ఫారంలో ‘మార్పిడి జరిగిందా, ఎప్పుడు’ అన్న గడి లేకపోతే, దాత జన్యువు మీద తీర్పు రాసి ఆ ఇంటికి పంపిస్తారు.

కణితి రిపోర్టులో శాతం చూసి ‘ఇది పుట్టుకతో వచ్చింది కాదులే’ అని చెప్పలేం. టీపీ53 జన్యువులో మార్పు 52 శాతం రీడ్లలో ఉంది, కణితి కణాలు 60 శాతం అనుకోండి. కణితిలో మాత్రమే పుట్టి, రెండో కాపీ అలాగే ఉంటే 30 శాతం రావాలి. రెండో కాపీ పోతే 43. చెడ్డ కాపీయే రెండుగా అయితే 60. పుట్టుకతో వచ్చిందైతే 50కి అటూ ఇటూ. 52 అన్నది 43, 50, 60లలో దేనికైనా దగ్గరే. రక్తం చదివితేనే తేలుతుంది. తేలాక చికిత్సే మారుతుంది: లీ-ఫ్రామెని (పుట్టుకతోనే టీపీ53 చెడిన స్థితి) ఉన్న పాపకు రేడియేషన్ లేకుండా నడిపే దారి వెతుకుతారు. మిస్‌మ్యాచ్ రిపేర్ జన్యువు (డీఎన్‌ఏ నకలులో తప్పులు దిద్దేది) రెండు కాపీలూ చెడిన పిల్లల కణితుల్లో మెగాబేసుకు (పది లక్షల బేసులకు) 100 దాటి మ్యుటేషన్లు ఉండొచ్చు. టెమోజోలమైడ్ అనే కీమో వాళ్లకు పనిచెయ్యదు, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీ మందులు పనిచెయ్యవచ్చు.

సమ్మతి పత్రం మీద రెండు సంతకాలు పెట్టించండి. ఒకటి కణితి పరీక్షకు, రెండోది పుట్టుకతో వచ్చిన మార్పుల సంగతి చెప్పమంటారా వద్దా అన్నదానికి. రెండూ ఒకేరోజు, డయాగ్నోసిస్ విన్న గంటలోనే అడగొద్దు. ఆ గంటలో తల్లిదండ్రులు దేనికైనా సంతకం పెడతారు. రెండో మాట ఒకట్రెండు రోజులాగి, వాళ్లకు ఊపిరి తిరిగాక చెప్పాలి. ‘అర్థం తేలని మార్పు’ను చికిత్సకు వాడకూడదని, అన్నదమ్ములకు పరీక్ష చెయ్యకూడదని కూడా రాయండి.

ఖర్మకొద్దీ చాలా పద్ధతుల్లో చోటు దొరకనిది ఇంకొకటి. అదే రక్తం నుంచి టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 జన్యువులు చూడండి. లుకేమియాలో మెర్కాప్టోప్యూరిన్ మోతాదు దాని మీదే ఉంటుంది. టీపీఎంటీ రెండు కాపీలూ పనిచెయ్యని పిల్లకు మామూలు మోతాదులో పదో వంతు, అదీ వారానికి మూడు రోజులు. మామూలు మోతాదిస్తే తెల్లకణాలు అడుగంటిపోతాయి. కొత్త మందు అక్కర్లేదు, ట్రయల్ అక్కర్లేదు, అందరికీ అందే ప్రెసిషన్ మెడిసిన్ ఇది.

రీడ్‌లెక్క:

మోతాదు గారితో ఒకచోట ఏకీభవించలేను. ఆధారం స్థాయి బిగించాలి, నిజమే. కానీ కింది స్థాయి సూచనలన్నీ తీసేస్తే, ఇప్పటిదాకా మందు లేని జబ్బులకు ఎప్పటికీ మందు రాదు. హెచ్3 కె27ఎమ్ ఉన్న మిడ్‌లైన్ గ్లయోమాకు డోర్డావిప్రోన్ అనుమతి 2025 ఆగస్టులో వచ్చింది. కేఎంటీ2ఏ మార్పున్న లుకేమియాకు రెవుమెనిబ్ 2024 నవంబరులో వచ్చింది. అంతకుముందు ఆ మార్పులున్న పిల్లలను ఏళ్లపాటు ట్రయళ్లలోకి పంపింది, వాటి పేరు స్పష్టంగా రాసిన రిపోర్టులే. కాబట్టి రాయండి, స్థాయి చెప్పి రాయండి.

ఇంకోటి, కాలం. ముక్క తీసిన దగ్గర్నుంచి బోర్డు దాకా వారాలు పడుతుంది. మూడోసారి తిరగబెట్టాక పంపిన శాంపిల్‌కు రిపోర్టు వచ్చేసరికి పాప మందు మింగే స్థితిలో ఉండకపోవచ్చు. జీరో వాళ్లు 2024లో ఇచ్చిన ఫలితాల్లో జన్యు సూచన ప్రకారం మందు అందినవాళ్లలో రెండేళ్ల పాటు జబ్బు ముదరకుండా ఉన్నది 26 శాతం, మామూలు చికిత్సలో 12. జబ్బు మళ్లీ ముదరకముందే మొదలుపెట్టినవాళ్లు ఇంకా మెరుగ్గా ఉన్నారు. 69కీ 30కీ మధ్య జారేది ఎక్కువగా ఇక్కడే అని నా అభిప్రాయం. హై రిస్క్ అని తేలినరోజే శాంపిల్ పంపండి, తిరగబెట్టేదాకా ఆగకండి.

మోతాదు:

కాలం విషయంలో పూర్తిగా ఒప్పుకుంటాను. మందు పేరు రిపోర్టులో పడిన రోజే ఎవరు దాన్ని తెప్పించాలో కూడా పద్ధతిలో పేరు పెట్టి ఉండాలి. వయసు పరిమితి, ద్రావణం రూపంలో ఉందా, ట్రయల్ తెరిచి ఉందా అన్న మూడింటికీ జవాబు బోర్డుకు ముందే వెతకాలి. బోర్డులో కూర్చున్నాక వెతికితే ఇంకో రెండు వారాలు పోతాయి. క్యాప్సూల్ మింగలేని మూడేళ్ల పాపకు క్యాప్సూల్ మందే సూచించి వదిలేస్తే, ఆ సూచన ఉన్నా లేనట్టే.

పట్టిక:

చివరిగా ఒక్కటండీ. సూదితో తీసిన సన్నని ముక్కలు రెండే ఉన్నాయి, అన్ని పరీక్షలకూ చాలవు. ఏ వరుసలో పంపమంటారు?

మైనపుదిమ్మ:

జబ్బును బట్టి. సార్కోమా అనుమానమైతే ఆర్‌ఎన్‌ఏ ముందు. చాలా సార్కోమా ప్రశ్నలు ఫ్యూజన్‌తోనే తేలతాయి. మెదడు కణితి అయితే మిథైలేషన్ ముందు, అదే అరే నుంచి కాపీ సంఖ్యలు కూడా వస్తాయి కాబట్టి 7క్యూ34 పెరిగిందో లేదో అక్కడే కనబడుతుంది. కనబడితే ఆర్‌ఎన్‌ఏతో ఖాయం చేసుకోవచ్చు. న్యూరోబ్లాస్టోమా అయితే ఎంవైసీఎన్ జన్యువు ముందు, తర్వాత ఏఎల్‌కే. లుకేమియాకు ఈ ఇబ్బంది తక్కువ, కానీ ఎముక మజ్జ తీసేటప్పుడు మొదటి లాగుడు నమూనాయే ల్యాబుకు పంపండి. తర్వాతి లాగుళ్లలో రక్తం కలిసి కణాలు పలచబడతాయి.

డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండూ ఒకే ముక్క నుంచి తీసే కిట్ ఉంటే రెండు ముక్కలతోనే పని గడుస్తుంది. బ్లాకు కోసే టెక్నీషియన్‌కు ఒకే మాట చెప్పండి: రంగు పరీక్షలకు, సీక్వెన్సింగ్‌కు సెక్షన్లన్నీ ఒకేసారి కోసి పెట్టమని. ప్రతి పరీక్షకూ బ్లాకును మళ్లీ మెషీన్ మీద పెడితే, ముఖం సమం చెయ్యడానికే ప్రతిసారీ కొంత కణజాలం పోతుంది. సన్నని ముక్కలో అలా నాలుగుసార్లు చేస్తే మిగిలేది మైనమే.